చెరువులు కాపాడతాం, అడవులు పెంచుతాం: నాయకుల పర్యావరణ హామీలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు వస్తే ప్రతి పార్టీ కరపత్రంలోనూ ఏదో ఒక మూల చెరువులు, చెట్లు, నదుల మాట కనిపిస్తుంది. ఆ మాటల్ని ఎంతవరకు నమ్మాలని మీటింగుల్లో, ఫోన్లలో, చుట్టాల ఇళ్ళల్లో చాలామంది నన్ను అడిగారు. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇవి. ఏ పార్టీనీ వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఉదాహరణలు ఎక్కువగా మన రెండు రాష్ట్రాలవే తీసుకున్నాను. అవైతే మనం కళ్ళారా చూసినవి.

సూటిగా చెప్పండి. వాళ్ళ మాట నమ్మొచ్చా?

కొన్ని హామీలు నమ్మొచ్చు. ఏవి నమ్మొచ్చో తెలియాలంటే మాట ఇచ్చిన మనిషిని కాకుండా, ఆ మాట అమలైతే ఎవరికి నష్టమో చూడాలి.

మొక్కలు నాటుతాం, పార్కు కడతాం, శుద్ధి ప్లాంటు పెడతాం అనే హామీలు ఒక రకం. వీటిలో కాంట్రాక్టులుంటాయి, శంకుస్థాపనలుంటాయి, ఫొటోలుంటాయి. పెద్దగా ఎవరి కడుపూ కొట్టరు కాబట్టి ఇవి సగమో, ముప్పావో జరుగుతాయి. రెండో రకం వేరు. ఆక్రమణలు తీసేస్తాం, గనులకు అనుమతి ఇవ్వం, ఈ హద్దు లోపల ఇల్లు కట్టనివ్వం అనేవి ఆ రకం. వీటిని నిలబెట్టుకోవాలంటే ఎవరో ఒకరు డబ్బు వదులుకోవాలి. ఆ ఎవరో చాలాసార్లు ఆ పార్టీకి చందాలిచ్చినవాళ్ళో, ఆ నియోజకవర్గంలో పలుకుబడి ఉన్నవాళ్ళో, ఒక్కోసారి ప్రభుత్వ ఖజానానో అవుతుంది. నేను చూసినంతలో మాట తప్పడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

అలా మాట తప్పిన ఉదాహరణ ఒకటి చెప్పండి.

కొల్లేరు. మా అమ్మమ్మగారి ఊరు ఆ చుట్టుపక్కలే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలోకి వదులుతుంది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఉండే హద్దు గీత) వరకు, అంటే దాదాపు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కింది. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. కానీ అప్పటికే సరస్సు లోపల గట్లు వేసి చేపల చెరువులు తవ్వేశారు. నీళ్ళు కదిలే దారి లేదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' చేపట్టింది. పొక్లెయిన్లు దిగాయి, గట్లు తెగాయి, మళ్ళీ నీళ్ళు పరుచుకున్నాయి. పర్యావరణం కోసం మన దగ్గర ఒక ప్రభుత్వం చేసిన అతి పెద్ద పనుల్లో అదొకటని ఇప్పటికీ అంటాను. అయితే రెండేళ్ళు తిరక్కుండానే, 2008లో, అదే ప్రభుత్వం ఉండగా అసెంబ్లీ ఒక తీర్మానం చేసింది. అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని ఆ తీర్మానం కోరింది. అలా చేస్తే సరస్సు సగానికంటే చిన్నదైపోతుంది. ఆ తర్వాత వచ్చిన పార్టీలు కూడా ఎన్నికలప్పుడు లంక గ్రామాలకు వెళ్ళి ఇదే మాట ఇస్తూ వచ్చాయి. ఈలోగా చెరువులు ఒక్కొక్కటిగా తిరిగి లేచాయి.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, కుదింపు ఇప్పటికీ చట్టమయ్యే స్థితికి రాలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండాలి, అసెంబ్లీ తీర్మానం ఒక్కటే చాలదు. రెండోది, సరస్సు లోపల జిరాయితీ (సొంత పట్టా) భూములున్న చిన్న రైతులకు సరైన పరిహారం, వేరే బతుకుదెరువు చూపించలేదు. వాళ్ళ కోపం న్యాయమైనది. ఆ కోపాన్ని ముందు పెట్టి, వందల ఎకరాలు లీజుకు తీసుకున్న పెద్దవాళ్ళు వెనక నుంచి లాభపడ్డారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, దిగువన కొల్లేరు ఎందుకు ముఖ్యమో చాలామందికి మళ్ళీ గుర్తొచ్చింది.

నిలబెట్టుకున్న హామీలు అసలు లేవా?

ఉన్నాయి. వాటిని చెప్పకపోతే అన్యాయం.

విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ తవ్వకాల కోసం చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 2015 నవంబరులో 97 నంబరు జీవో ఇచ్చింది. చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్ల సంగతి అది. ఆదివాసీలు ఊరూరా లేచారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి జీవోను పక్కన పెట్టింది గానీ రద్దు చేయలేదు. ప్రతిపక్షంలో ఉన్న జగన్‌మోహన్ రెడ్డి దాన్ని రద్దు చేస్తానని మాటిచ్చారు. 2019లో అధికారంలోకి వచ్చాక రద్దు చేశారు.

నల్లమల మరొకటి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ జరపాలని కేంద్ర సంస్థ ప్రతిపాదించింది. 2019లో చెంచుల గూడేల (పెంటల) నుంచి హైదరాబాద్ సినిమావాళ్ళ దాకా అందరూ గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ అన్వేషణ ముందుకు సాగలేదు.

ఈ రెండూ 'ఆపుతాం' అనే రకం హామీలే. మరి ఎందుకు నిలబడ్డాయి? ఆపితే నష్టపోయేవాళ్ళ కంటే, ఆపకపోతే ఓటు వెయ్యం అన్నవాళ్ళు ఎక్కువగా, ఒకే చోట, ఒకే మాట మీద ఉన్నారు. బాక్సైట్ విషయంలో ఇంకో గట్టి అండ ఉంది. ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాయకుడి మాటకు కింద చట్టం, పక్కన జనం ఉన్న చోట అది నిలిచింది.

కోట్ల మొక్కలు నాటామంటారు. మరి ఎండలు తగ్గవేం?

నాటడం వేరు, బతకడం వేరు కాబట్టి. తెలంగాణలో 2015 జూలైలో చిలుకూరు దగ్గర హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచడం దాని లక్ష్యం. ఇప్పుడది వన మహోత్సవం పేరుతో నడుస్తోంది. దీన్ని ఉత్త ఆర్భాటమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ప్రతి ఊరికీ ఒక నర్సరీ వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచి, కార్యదర్శి బాధ్యులని రాశారు. బడ్జెట్‌లో పంచాయతీలు పదో వంతు పచ్చదనానికి పెట్టాలన్నారు. హామీని చట్టంలోకి ఎక్కించడమంటే ఇదే. రోడ్ల పక్కన ఆ తేడా కనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ విచ్చలవిడిగా నాటారు, తర్వాత దాన్ని పెంచొద్దన్నారు. ఇంకోటి, అటవీ సర్వే లెక్కల్లో హెక్టారుకు తగ్గని నేల మీద పది శాతం కంటే ఎక్కువ చెట్ల నీడ పడితే అది 'అటవీ విస్తీర్ణం' కిందికే వస్తుంది. అది మామిడి తోటా, జామాయిల్ తోటా, ఎవరి పట్టా భూమి అన్నది చూడరు. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్ 647, తెలంగాణ 632 చదరపు కిలోమీటర్లు పెరిగి దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. సంతోషమే, కానీ ఆ పెరుగుదలను పులి తిరిగే అడవిగా ఊహించుకోకూడదు. ఒక నాయకుడు 'అడవి పెరిగింది' అంటే, దట్టమైన అడవి ఎంత, పలచటిది ఎంత అని విడదీసి అడగండి. నివేదికలో ఆ లెక్క విడిగానే ఇస్తారు.

హామీ నిలబెట్టుకోవడమే నష్టమైన సందర్భం ఉందా?

ఇది నన్ను చాలా బాధపెట్టే ప్రశ్న. జవాబు 111 జీవో.

1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్ళీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసా మీద హిమాయత్‌సాగర్ కట్టారు. అవే దశాబ్దాలపాటు నగరానికి తాగునీళ్ళిచ్చాయి. మనం గండిపేట నీళ్ళంటాం కదా, అవి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకుండా 1996 మార్చి 8న 111 జీవో తెచ్చారు. 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. సుప్రీంకోర్టు కూడా ఒక నూనె ఫ్యాక్టరీ కేసులో ఆ రక్షణను బలపరిచింది.

చుట్టూ నగరం పెరిగేకొద్దీ ఆ 84 ఊళ్ళ రైతుల భూమికి పక్క ఊరి భూమితో పోలిస్తే ధర రాలేదు. ఆ బాధ నిజమైనదే. జీవో ఎత్తేస్తామని టీఆర్ఎస్ ఎన్నికల్లో మాటిచ్చింది, 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆంక్షలు తొలగించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి, ఈ జలాశయాల అవసరం తగ్గిందన్నది వాళ్ళ వాదన. కానీ వాటిని కట్టింది మొదట వరద ఆపడానికి. 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రాత్రి పాతబస్తీవాళ్ళ టెన్షన్ ఎలా ఉందో అడగండి. ఎగువ నేలంతా సిమెంటు అయిపోతే వాన నీళ్ళు ఇంకెంత వేగంగా దిగుతాయో ఆలోచించండి.

ఇక్కడ నాయకులు మాట తప్పలేదు, నిలబెట్టుకున్నారు. అసలు తప్పు అంతకుముందే జరిగింది. నగరం మొత్తం నీళ్ళు తాగి, ఆ 84 ఊళ్ళకు ఏమీ ఇవ్వలేదు. అభివృద్ధి హక్కుల బదలాయింపుతోనో (అక్కడ కట్టుకోలేని హక్కును వేరే చోటికి అమ్ముకునే వీలు), ఏటా పరిహారంతోనో వాళ్ళ నష్టం పూడ్చి ఉంటే, ఆ హామీ ఇవ్వాల్సిన అవసరమే ఏ పార్టీకీ వచ్చేది కాదు.

ప్రతిపక్షంలో ఉన్నప్పుడు చెట్టు గురించి మాట్లాడినవాళ్ళు, కుర్చీ ఎక్కాక ఎందుకు మారిపోతారు?

మనిషి చెడిపోయాడని అనుకోవడం తేలిక. నా అనుభవంలో ఎక్కువసార్లు కారణం డబ్బు, అదీ ప్రభుత్వానికి అవసరమైన డబ్బు. పింఛన్లు, రుణమాఫీ, జీతాలు అన్నీ నెల తిరిగేసరికి కట్టాలి. రాష్ట్రం చేతిలో తొందరగా అమ్మగలిగింది భూమి. హైదరాబాద్ పడమటి వైపు ఎకరం ధర కోట్లలో ఉంటుంది.

2024 జూలైలో కాంగ్రెస్ ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది. మాదాపూర్ తమ్మిడికుంటలో పేరున్న ఒక కన్వెన్షన్ సెంటర్‌ని కూల్చినప్పుడు నాతో సహా చాలామంది చప్పట్లు కొట్టాం. అదే ప్రభుత్వం 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఉన్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు పంపింది. సెలవు రోజుల్లో, రాత్రిపూట కూడా చెట్లు కొట్టారు. నెమళ్ళ అరుపులున్న వీడియోలు ఇంటింటికీ చేరాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది, తర్వాత అక్కడ పచ్చదనాన్ని ఎలా తిరిగి తెస్తారో చెప్పమని అడిగింది. చెరువు దగ్గర నష్టం ఆక్రమణదారుడిది. గచ్చిబౌలిలో నష్టం ఖజానాది. ఒకే ప్రభుత్వం రెండు చోట్లా రెండు రకాలుగా ప్రవర్తించింది ఇందుకే.

మూసీ ఈసారైనా బాగుపడుతుందా?

మూసీని బాగు చేస్తామని గత పాతికేళ్ళకు పైగా ప్రతి ముఖ్యమంత్రీ చెప్పారు. ఇప్పటి ప్రాజెక్టులో నదీతీర సుందరీకరణ గురించి పెద్ద అంకెలు వినిపించాయి. నేను మాత్రం మురుగు గురించే అడుగుతాను. నదిలోకి శుద్ధి కాని మురుగు ఒక్క నాలా నుంచి వస్తున్నా, గట్టు మీద ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు. 2021లో అప్పటి ప్రభుత్వం 3,866 కోట్లతో 31 శుద్ధి ప్లాంట్లు మంజూరు చేసింది. రోజుకు 125 కోట్ల లీటర్లకు పైగా శుద్ధి చేయగల సామర్థ్యం అది. మూసీ గురించి వచ్చిన మాటలన్నింటిలో నాకు నమ్మకం కలిగించింది ఇదే. దీన్ని పూర్తిగా నడపడం, ప్లాంటు దాకా మురుగు చేర్చే పైపులు వేయడం ఎవరు అధికారంలో ఉన్నా చేయాల్సిన పని.

దిగువన యాదాద్రి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల రైతులు ఆ నీళ్ళతోనే వరి, గడ్డి పండిస్తున్నారు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. నగరంలో జరిగే చర్చల్లో ఈ రైతుల పేరు ఎత్తేవాళ్ళు తక్కువ.

పేదల ఇళ్ళు కూల్చి పర్యావరణాన్ని కాపాడటం న్యాయమా?

కాదు. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు అక్కడి ఆడవాళ్ళ ఏడుపు టీవీల్లో అందరం చూశాం. ఆ ఇళ్ళకు కరెంటు మీటర్లిచ్చిందీ, ఇంటి పన్ను కట్టించుకున్నదీ ప్రభుత్వమే. నది గర్భంలో ఉండకూడదన్నది నిజం. కానీ వెళ్ళాల్సిన చోట పని దొరుకుతుందా, పిల్లల బడి ఉందా అన్నది ముందు తేల్చి, తర్వాత గోడ మీద గీత గీయాలి. ఇది దయ చూపించే విషయం మాత్రమే కాదు. కొల్లేరులో చూశాం, పేదవాడికి దారి చూపకుండా చేసిన మంచి పని రెండేళ్ళు కూడా నిలవలేదు.

మేనిఫెస్టోలో రాసింది చేయకపోతే కోర్టుకు వెళ్ళొచ్చా?

మేనిఫెస్టో చూపించి 'ఇది అమలు చేయించండి' అంటే కోర్టు చేయించదు. అది చట్టం కాదు. కానీ ఆ విషయం మీద ఇప్పటికే చట్టమో, నోటిఫికేషనో ఉంటే దాన్ని పట్టుకుని వెళ్ళొచ్చు. హైకోర్టులున్నాయి. పర్యావరణ కేసుల కోసం 2010 చట్టంతో ఏర్పడ్డ జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మనకు దగ్గర్లోని బెంచ్ చెన్నైలో ఉంది. ఖర్చు, ప్రయాణం, ఏళ్ళు పట్టే వాయిదాలు మామూలు మనిషికి భారమే. అందుకని ఊరంతా కలిసి వెళ్ళడం మేలు.

దేశం ఇచ్చిన అంతర్జాతీయ హామీల సంగతేమిటి?

వీటిలో భారత్ రికార్డు కొన్ని చోట్ల బాగుంది. శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరుల విద్యుత్ సామర్థ్యాన్ని 2030 నాటికి 40 శాతానికి తెస్తామని 2015లో పారిస్ ఒప్పందం కోసం చెప్పింది, 2021లోనే చేరింది. తర్వాత 50 శాతం అంది, 2025లో అదీ దాటింది. మెచ్చుకోవాల్సిందే. అయితే అది స్థాపించిన సామర్థ్యం లెక్క. సోలార్ ప్యానెల్ రాత్రి పని చేయదు. వాస్తవంగా ఉత్పత్తయ్యే కరెంటులో సగానికి బాగా పైన ఇప్పటికీ బొగ్గుదే. హామీలో వాడిన ఒక్క మాట ఎంత తేడా తెస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మాలాంటి మామూలు మనుషులు చేయగలిగేది ఏముంది?

సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేను ఒకసారి ఒక చెరువు హద్దుల మ్యాపు అడిగితే గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. మొదటి అప్పీలు వేశాక పది రోజుల్లో పంపారు. అప్పీలు దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ, అందుకే జవాబివ్వకుండా నెట్టుకొస్తారు. వదలకండి.

రెండోది ప్రజాభిప్రాయ సేకరణ. పెద్ద పరిశ్రమో, గనో రావాలంటే చాలా ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇది జరపాలి. ముప్పై రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి, ప్రాజెక్టు ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, జరిగినదంతా వీడియో తీయాలి. అక్కడ అరిచి వచ్చేయడం కంటే, మీ అభ్యంతరాన్ని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం ఎన్నో రెట్లు పనికొస్తుంది. రేపు కోర్టులో చూసేది ఆ కాగితమే.

మా ఎమ్మెల్యే గారు మా చెరువు బాగు చేయిస్తానని మాటిచ్చారు. ఆయన్ని ఏమని అడగాలి?

మర్యాదగానే, నలుగురి ముందు అడగండి. 'సార్, మన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే మట్టం) హద్దు తుది నోటిఫికేషన్ అయిందా? ఏ సర్వే నంబర్లు లోపలికి వస్తున్నాయి? చెరువులోకి ఎన్ని మురుగు కాలువలు వస్తున్నాయి, వాటిని ఎటు మళ్ళిస్తారు?' వాకింగ్ ట్రాక్, బతుకమ్మ ఘాట్, రంగు లైట్లు అని ఆయన మొదలుపెడితే, సంతోషమండీ, ముందు హద్దు రాళ్ళు పాతించండి అని చెప్పండి. చాలాచోట్ల ట్రాకును చెరువు లోపలికి జరిపి కట్టి, బయట మిగిలిన నేలను పోగొట్టుకున్నారు. ట్రాక్ వేసే ముందే టేపు పట్టుకుని కొలవాలి.

ఇవన్నీ ఎప్పుడు అడిగితే మంచిది? ఎన్నికలప్పుడేనా?

ఎన్నికలప్పుడు అడిగితే అందరూ సరే అంటారు. రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. దానికి రెండు నెలల ముందు, అంటే డిసెంబరులో, మీ చెరువుకో, మీ వాగుకో, మీ ఊరి శుద్ధి ప్లాంటుకో ఎంత ప్రతిపాదించారని రాతపూర్వకంగా అడగండి. బడ్జెట్ వచ్చాక ఆ పద్దులో ఎంత పడిందో చూడండి. ఏడాది చివర అందులో ఎంత ఖర్చయిందో మళ్ళీ అడగండి. ఈ మూడు కాగితాలూ ఒక ఫైలులో పెట్టి ఉంచితే, వచ్చే ఎన్నికల్లో ఆ నాయకుడు మీ వీధిలోకి వచ్చినప్పుడు మీ చేతిలో అవి ఉంటాయి.